ఊరి పెద్దల తీర్పు కోర్టులో చెల్లుతుందా?

అమలాపురం దగ్గర కొబ్బరి తోట గట్టు తగాదాలో పెద్దలు మీ వైపు తీర్పు చెప్పారు, అవతలివాళ్లు ఒప్పుకోవట్లేదు, అదీ మీ టెన్షన్. నేరుగా చెప్పాలంటే పెద్దల మాటకి కోర్టు డిక్రీ (కోర్టు తీర్పుతో ఇచ్చే ఉత్తర్వు) విలువ లేదండి. ఇద్దరూ ఇష్టపడి సంతకాలు పెట్టిన కాగితం ఉంటే దాన్ని ఒప్పందంగా చూపించుకోవచ్చు, అంతవరకే.

ఇదేం కొత్త సంగతి కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలోనే కుటుంబ పెద్దల కంటే వృత్తి సంఘాలు, వాటికంటే ఊరి సమూహాలు, అందరికంటే రాజు నియమించిన అధికారులు పైన అని మెట్లు కట్టి పెట్టారు. బైబిల్లో కూడా దెబోరా అనే న్యాయాధిపతి ఖర్జూర చెట్టు కింద కూర్చుని తీర్పులు చెప్పేది.

నన్నడిగితే లోక్ అదాలత్‌కి, అంటే తగాదాల్ని రాజీతో తేల్చే చట్టబద్ధమైన వేదికకి, వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అక్కడి రాజీ అవార్డు (రాజీ ప్రకారం ఇచ్చే తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, అప్పటికే కోర్టులో ఉన్న కేసైతే కట్టిన ఫీజు కూడా వెనక్కి వస్తుంది. కాకపోతే అవతలివాళ్లూ రాజీకి రావాలి. రాకపోతే ఇక దావాయే, అక్కడ జడ్జి చూసేది ఊళ్లో ఎవరి పలుకుబడి ఎంత అని కాదు, దస్తావేజులు, సర్వే కొలతలు, సాక్ష్యాలు. ముందు సర్వేయర్ చేత గట్టు కొలిపించండి.