తేలే ఇటుకకూ ఒక పని ఉంది

హనుమకొండ

తమ్మీ,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. భద్రకాళి చెరువు అడుగున ఇంకో ఊరు ఉండటం, ఎండాకాలం నీళ్లు తగ్గితే ఆ ఊరివాళ్లు పైకి వచ్చి అంగడిలో కూరగాయలు కొనుక్కుపోవడం నాకు చాలా నచ్చింది. కానీ మొదటి ముప్పై పేజీలూ వాళ్ల రాజవంశాల చరిత్రకే పోయాయి. అంగడి ముచ్చట రెండు వాక్యాల్లో అయిపోయింది. నాకు నీ నవల కనిపించింది ఆ రెండు వాక్యాల్లోనే.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోతావు కదా. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కున్నవాళ్లు తక్కెడలో కూర్చుని నిలువెత్తు బంగారం తూకం వేయించుకుంటారు. అమ్మేవాళ్లు కిలో ధర చెప్తారు, డబ్బులు లెక్కపెట్టి గల్లాలో వేసుకుంటారు. బెల్లం బంగారం ఎలా అయిందని ఎవరూ అడగరు. సమ్మక్క చిలుకలగుట్ట మీద మాయమై కుంకుమ భరిణెగా దొరికిన కథను మా నాయనమ్మ, పొలం పని గురించి చెప్పే గొంతుతోనే చెప్పేది. నీకు ఆ గొంతు కావాలి. నువ్వేమో వింత వచ్చిన ప్రతిచోటా 'ఆశ్చర్యంగా', 'నమ్మశక్యం కాని' అని రాశావు. అవన్నీ కొట్టెయ్. కూరగాయల ఆమె ఆశ్చర్యపోతే చదివేవాళ్లకూ అనుమానం వస్తుంది. ఆమె తడి నోటు చూసి "ఇది ఆరబెట్టి తేపో" అని కసిరితే, ఆ చెరువు కింద ఊరు ఉన్నట్టే.

ఒకసారి పాలంపేట పోయి రా. 1213లో కట్టిన రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. అందరూ తేలడం గురించే చెప్తారు. ఎందుకు అంత తేలికగా చేశారన్నది నాకు ఇంకా ఇష్టమైన సంగతి. పైన బరువు తగ్గాలని. ఆ వింతకు గుడిలో ఒక పని ఉంది.

నీ జనం నీళ్లలో ఊపిరి పీలుస్తారు, బాగుంది. దానికి వాళ్లు ఏం పోగొట్టుకున్నారు? నీళ్లలో పొయ్యి వెలగదు. మరి ఉడికిన అన్నం వాళ్లకు తెలుసా? పెళ్లికి అగ్నిసాక్షి ఎలా? ఇలాంటివి నోటుబుక్కులో వంద రాసుకో, నవలలోకి పది రానీ. రాజవంశాలు కూడా ఆ నోటుబుక్కులోనే ఉండనీ, వాటి గురించి టెన్షన్ పడకు.

మూడో అధ్యాయంలో పైకి వచ్చిన పిల్ల మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగుతుంది. కింద మంట, పైన నూనె సలసల కాగుతోంది. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో నువ్వు రాయలేదు. అది రాసి తీసుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.