డెయిరీ టెక్నాలజీ చదివి ఇంగ్రీడియెంట్స్ కంపెనీలో చేరొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ బీటెక్ పూర్తయింది. ఒక డెయిరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఉద్యోగం, ఒక ఇంగ్రీడియెంట్స్ కంపెనీలో సేల్స్ ఉద్యోగం రెండూ వచ్చాయి. ఇంట్లోవాళ్ళేమో "ఇంత చదివి పౌడర్లు అమ్ముకుంటావా" అంటున్నారు.

నేను ఆ పౌడర్లే అమ్మి రిటైరయ్యాను. మొదట్లో ల్యాబ్‌లో తయారీ, తర్వాత అమ్మకం. పెరుగుకి కల్చర్లు (తోడు వేసే బ్యాక్టీరియా), ఐస్‌క్రీమ్‌కి స్టెబిలైజర్లు (చిక్కదనాన్ని నిలబెట్టేవి) నా సరుకు. నా మాట అడిగితే, ముందు రెండేళ్ళు డెయిరీలో రాత్రి షిఫ్టులు చేసి ఆ తర్వాత ఇటు రండి. ఎందుకంటే కస్టమర్ ఫోన్ చేసేది పౌడర్ కోసమే అయినా, అతని కష్టం చాలాసార్లు పౌడర్‌తో తీరేది కాదు.

ఒక వేసవిలో ఒక డెయిరీ నుంచి కబురొచ్చింది. కప్పు పెరుగులో నీరు తేరుతోంది, మీ కల్చర్ పనికిరాదు, వేరే కంపెనీది తెప్పిస్తున్నాం అని. వెళ్ళి రాత్రంతా ప్లాంట్‌లోనే ఉన్నాను. పెరుగుకి వాడే పాలను 90-95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలైనా ఉంచాలి. అప్పుడే పాలలోని వే ప్రొటీన్లు విచ్చుకుని కేసిన్ అనే మరో ప్రొటీన్‌కి అతుక్కుంటాయి, గడ్డ నీటిని పట్టి ఉంచుతుంది. అక్కడ మీటరు 80 దాటడం లేదు. బాయిలర్‌లో ఆవిరి చాలక ఆపరేటర్ తగ్గించి నడుపుతున్నాడు, లాగ్‌బుక్‌లో మాత్రం 92 అని రాస్తున్నాడు. పాపం, అతనికి పైనుంచి వచ్చిన ఆర్డర్ 'లైన్ ఆగకూడదు' అని. నేను ఆపరేటర్ పేరెత్తకుండా ప్రొడక్షన్ మేనేజర్‌కి బాయిలర్ సంగతి మాత్రం చెప్పాను. ఆ నెల వాళ్ళ దగ్గర నాకు కొత్త ఆర్డరేమీ లేదు. తర్వాత ఏది కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేసేవారు. రేటు దగ్గర గీసి గీసి బేరమాడడం మాత్రం మానలేదు.

పెరుగు తోడుకోకపోతే పాలలో యాంటీబయాటిక్ ఉందేమో చూడాలి. ఒకే కల్చర్ నెలల తరబడి వాడితే దాన్ని తినే ఫేజ్ వైరస్‌లు ప్లాంట్‌లో పేరుకుంటాయి, అందుకే కల్చర్లు మార్చి మార్చి వాడమంటాం. ఇవి పుస్తకంలో ఉంటాయి. బాయిలర్ సంగతి మాత్రం ప్లాంట్‌లో నిలబడితేనే కనబడుతుంది.

ఇక టెన్షన్ల సంగతి. ఐస్‌క్రీమ్ స్టెబిలైజర్లలో ముఖ్యమైనది గ్వార్ గమ్, అంటే మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసేదే. అమెరికాలో షేల్ గ్యాస్ బావుల్లోకి ఎక్కించే నీటిని చిక్కబరచడానికి దాని గిరాకీ పెరిగి 2012లో ధర ఆకాశాన్నంటింది, చివరికి గ్వార్ ఫ్యూచర్స్ (ముందస్తు బేరాల) ట్రేడింగే ఆపేశారు. రాజస్థాన్‌లో పండే గింజకి, టెక్సాస్‌లో బావికి, మన ఊరి పుల్ల ఐసుకి ముడి ఏమిటని కస్టమర్లు నన్ను నిలదీసేవారు. ఉన్న ఫార్ములాలన్నీ విప్పి గ్వార్ తగ్గించి మళ్ళీ కూర్చాం. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వసూళ్ళు. చిన్న ఐస్‌క్రీమ్ తయారీదారులు ఫిబ్రవరిలో అరువు మీద సరుకెత్తుతారు. ఏప్రిల్, మే నెలల్లో వర్షాలు పడ్డాయా, మీ డబ్బు వచ్చే సీజన్ దాకా రాదు.

కంపెనీ పేరు చూసి మురిసిపోకండి. మా రంగంలో పెద్ద కంపెనీ డానిస్కో 2011లో డ్యూపాంట్ చేతికెళ్ళింది, ఆ వ్యాపారం 2021లో ఐఎఫ్ఎఫ్ అనే మరో కంపెనీలో కలిసింది. క్రిస్టియన్ హాన్సెన్, నోవోజైమ్స్ 2024లో ఒకటై నోవోనెసిస్ అయ్యాయి. విజిటింగ్ కార్డులు మారుతూనే ఉంటాయి, కస్టమర్ మాత్రం మీ నంబరే గుర్తుపెట్టుకుంటాడు.

ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు రెండు విషయాలు అడగండి: ట్రయల్స్ కోసం వాళ్ళకు సొంత పైలట్ ప్లాంట్ (చిన్న నమూనా ప్లాంట్) ఉందా, వసూలు కాని బాకీని మీ ఇన్సెంటివ్‌లో కోస్తారా. రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే డెయిరీ ఉద్యోగంలోనే చేరండి.