మేకప్ బ్రష్షులు వృత్తి కోసం కొన్నా మీరు వినియోగదారే

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇంట్లోనే ఒక గదిలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంటాను. సహాయానికి ఒక అమ్మాయి వస్తుంది. రెండు నెలల క్రితం 7,400 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో బ్రష్షుల సెట్ తెప్పించాను. 'అచ్చమైన మేక వెంట్రుకలు' అని ప్రకటనలో రాశారు. రెండోసారి కడిగేసరికే పౌడర్ బ్రష్ కుచ్చు మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. మిగిలినవాటి వెంట్రుకలూ రాలుతున్నాయి. ఒక పెళ్లిలో అవి పెళ్లికూతురి బుగ్గల మీద అతుక్కోవడంతో మేకప్ తీసేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆలస్యం చేశానని వాళ్లు నాకివ్వాల్సిన సొమ్ములో 2,000 తగ్గించారు. అమ్మినవాళ్లను అడిగితే, 'వాడిన బ్రష్షులు శుభ్రత దృష్ట్యా వెనక్కి తీసుకోం. పైగా మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుల కోర్టుకు వెళ్లే హక్కు మీకు లేదు' అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: నిజం కాదమ్మా. వాళ్లు చట్టంలో సగం చదివి మీకు చెప్పారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి వస్తువు కొన్నవారు వినియోగదారు కారు. కానీ దాని కిందనే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని, తానే వాడుకునే వస్తువును వాణిజ్య అవసరానికి కొన్నట్టుగా చూడకూడదు. ఇంతకుముందున్న పాత చట్టంలోనూ ఇలాంటి వివరణే ఉండేది, 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని విడమరిచి చెప్పింది. టైప్‌రైటర్ కొని ఇతరుల కాగితాలు టైపు చేసి సంపాదించుకునే వ్యక్తి, ఆటో కొని తానే నడుపుకునే వ్యక్తి వినియోగదారులే. ఒకరిద్దరు సహాయకులు ఉన్నంతమాత్రాన ఆ హోదా పోదని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి మీ దగ్గరికి వచ్చే అమ్మాయిని చూపించి వాళ్లు వాదించినా అది నిలవదు. వాణిజ్య అవసరానికే కొన్నారని నిరూపించాల్సిన భారం కూడా అమ్మినవారిదేనని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతాలకు పదిమందిని పెట్టి నాలుగు పార్లర్లు నడిపేవారైతే నా జవాబు వేరుగా ఉండేది.

ఇక 'శుభ్రత దృష్ట్యా తీసుకోం' అన్న మాట. రంగు నచ్చలేదనో, సైజు పెద్దదనో వాడిన బ్రష్‌ను తిప్పి పంపితే వద్దనే హక్కు వాళ్లకుంది. అది న్యాయమే, ఒకరి ముఖానికి తగిలిన బ్రష్‌ను ఇంకొకరికి అమ్మకూడదు. లోపమున్న వస్తువు సంగతి అలా కాదు. దాన్ని వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనంటే కుదరదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

కేసు నిలిచేదీ పడిపోయేదీ లోపం ఎవరివల్ల అన్న ఒక్క చోటే. 'వేడినీళ్లలో నానబెట్టారు, నిలబెట్టి ఆరబెట్టారు, జిగురు కరిగిపోయింది' అన్నది అవతలివారు తప్పకుండా తెచ్చే వాదన. అందులో కొంత నిజముంది కూడా. కుచ్చును పట్టి ఉంచే లోహపు తొడుగు లోపల జిగురు ఉంటుంది. బ్రష్‌ను మొదలంటా ముంచినా, తడిగా ఉండగానే కుచ్చు పైకి ఉండేలా గ్లాసులో పెట్టినా నీళ్లు తొడుగులోకి దిగి జిగురు పట్టు సడలుతుంది. గోరువెచ్చని నీళ్లలో కుచ్చు చివరలు మాత్రమే తడిపి, తేలికపాటి షాంపూతో కడిగి, బట్టతో అద్ది, కుచ్చు కిందికి వాలేలా గానీ పడుకోబెట్టి గానీ ఆరబెట్టాలి. మీరు అలాగే చేస్తుంటే ఫిర్యాదుతో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో ఆ పద్ధతిని పూసగుచ్చినట్టు రాయండి. ప్యాకెట్‌తో వచ్చిన కాగితంలో కడిగే సూచనలుంటే అదీ జతపరచండి. సూచనలే ఇవ్వకపోతే ఆ సంగతీ రాయండి.

ఊడిన కుచ్చును పారేయకండి. మొదలు దగ్గర భూతద్దం పెట్టి చూడండి. జిగురు ముద్ద వెంట్రుకలతో పాటే ఊడివస్తే అది తొడుగుకు సరిగా అతకలేదన్నమాట. జిగురు లేకుండా వెంట్రుకలు ఉత్తగా జారివస్తే అది వాటి మొదళ్ల దాకా చేరలేదన్నమాట. రెండూ తయారీ లోపం వైపే వేలు చూపిస్తాయి. వెంట్రుకలు మధ్యలో తెగి ఉంటే మాత్రం వాడకం వల్ల అనే అనుమానం వస్తుంది. కొత్త బ్రష్ మొదటి ఉతుకులో నాలుగైదు వెంట్రుకలు రాల్చడం మామూలే. దాన్ని ఫిర్యాదులో పెద్దది చేస్తే మీ అసలు మాటకే విలువ తగ్గుతుంది.

మేక వెంట్రుకలన్న మాటను కూడా పరీక్షించవచ్చు. రాలిన వెంట్రుకలు రెండు మూడు పట్టకారుతో పట్టుకుని నిప్పు చూపండి, వీడియో తీయండి. అసలు వెంట్రుక జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిదవుతుంది. నైలాన్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ఇది మీకు ధైర్యాన్నిచ్చే పరీక్ష మాత్రమే, నిపుణుల నివేదికకు బదులు కాదు. అవసరమనుకుంటే వినియోగదారుల కమిషనే (మనం వినియోగదారుల కోర్టు అనేది దీన్నే) సెక్షన్ 38 కింద నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది, దాని రుసుము మొదట మీరు కట్టాలి. సింథటిక్ బ్రష్ తక్కువరకం అని నేననను. ద్రవ ఫౌండేషన్‌కు, క్రీములకు అదే మేలు, సరుకును అంతగా పీల్చదు. ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మడమే ఇక్కడ తప్పు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఎవరైనా ముంగిస వెంట్రుకల బ్రష్ అని ఊరిస్తే కొనవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే.

ముందుగా మీరు బ్రష్షులు తెప్పించిన ఆన్‌లైన్ వేదికను, అంటే ఆ వెబ్‌సైట్‌ను లేదా యాప్‌ను, నడిపే సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అమ్మకందారు పూర్తి చిరునామా కావాలని అదే లేఖలో అడగండి, కొనుగోలుదారు రాతపూర్వకంగా అడిగితే వేదిక ఇచ్చి తీరాలి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించండి. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే విజయవాడలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే వేసే హక్కు మీకుంది. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. అమ్మకందారునూ వేదికనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. గడువు రెండేళ్లు. కానీ ప్రకటన పేజీ రేపే మారిపోవచ్చు, అందుకని దాని స్క్రీన్‌షాట్లు ఈ రోజే తీసి పెట్టుకోండి.

7,400తో పాటు మీరు నష్టపోయిన 2,000, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. డబ్బు తగ్గించినట్టు పెళ్లివారు పంపిన సందేశం ఉంటే దాన్ని చెరిపేయకండి. లక్షల్లో అడిగితే మాత్రం అసలు నష్టం పలచబడిపోతుంది.

ఒక జాగ్రత్త మీ వైపు నుంచి కూడా అవసరం. ఇదే చట్టం కింద పెళ్లికూతురు మీకు వినియోగదారు. కడగని బ్రష్ వల్ల ఆమె చర్మానికి ఇన్‌ఫెక్షన్ వస్తే సేవాలోపం కింద మీ మీద ఫిర్యాదు చేయగలదు. ఫౌండేషన్ బ్రష్షులను ప్రతి పెళ్లికూతురి తర్వాత కడగండి. ఏ తేదీన ఏవి కడిగారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకాన్ని ఈ కేసులోనూ దాఖలు చేయవచ్చు.