నాలుగుతో గుణించే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పోకర్ పట్టుదలగా నేర్చుకుంటున్నావని, పుస్తకాలు కూడా తెప్పించుకున్నావని మీ నాన్న చెప్పాడు. లెక్కల్లో నీ చురుకుదనం తెలుసు కనుక గర్వంగానే ఉంది. భయంగానూ ఉంది. ముందు చదువు సంగతి చెప్పనీ.

ఒకసారికి ఒకే పుస్తకం. పక్కన పేక కట్ట లేకుండా తెరవకు. ఉదాహరణ రాగానే ముక్కలు బల్ల మీద పరిచి, రచయిత జవాబును కాగితంతో కప్పేసి, నీ జవాబు రాసుకున్నాకే కాగితం తియ్యి. ఏ సీటులో ఏ ముక్కలతో దిగాలో పట్టిక చూసి కంఠతా పట్టెయ్.

ఇక దాదాపు అందరూ చేసే ఆ పాత తప్పు. ఇది నెమ్మదిగా చదువు.

నీ చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది. ఫ్లాప్‌లో (అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఇస్పేటు రాజు, ఇస్పేటు మూడు, కళావరు రెండు పడ్డాయి. ఫ్లష్ (ఒకే జాతి ముక్కలు ఐదు) కావడానికి ఇంకో ఇస్పేటు చాలు, అలాంటివి ఇంకా 9 ఉన్నాయి. బల్ల మీదికి ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉంటే పనికొచ్చే ముక్కల లెక్కను నాలుగుతో, ఒకటే ఉంటే రెండుతో గుణించమంటుంది సూత్రం, వచ్చేది సుమారుగా గెలుపు శాతం. తొమ్మిది నాలుగులు 36 శాతం. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 100 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాడు 50 వేశాడు. నువ్వూ 50 వేస్తే మొత్తం 200, కాబట్టి 25 శాతం గెలుపు చాలు. 36 ఉందిగా అని చటుక్కున కాల్ చేసేస్తారు, అంటే ఎదుటివాడు వేసినంతా వేసేస్తారు.

ఆ 36 రెండు ముక్కలూ చూస్తేనే తల్లీ! నువ్వు పెట్టిన 50కి వచ్చేది టర్న్ అనే నాలుగో ముక్క ఒక్కటే. కనిపించని 47 ముక్కల్లో 9, అంటే 19 శాతం. అక్కడ ఇస్పేటు పడకపోతే వాడు 200 పాట్‌లోకి 100 వేస్తాడు. మళ్లీ 25 శాతం కావాలి, నీకున్నది 46లో 9, అంటే 20 కూడా లేదు. ఫ్లాప్ మీదే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసి ఆల్-ఇన్ అయిపోయి ఇక బెట్టే మిగలనప్పుడు మాత్రమే నాలుగుతో గుణించు. మిగతా వేళల్లో రెండే.

అలాగని ఫ్లష్ డ్రా (ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువైన చెయ్యి) వచ్చినప్పుడల్లా పారెయ్యమనడం లేదు. పై లెక్కలో ఆ 50 గిట్టుబాటు కావాలంటే, టర్న్‌లో ఇస్పేటు పడ్డాక వాడి దగ్గర సగటున ఇంకో 61 చిప్స్ పైగా రాబట్టగలగాలి. మూడో ఇస్పేటు కనబడగానే ముక్కలు పారేసే మనిషైతే ఆ 61 రావు, కాల్ చెయ్యకు. ఎదురుగా ఉన్న మనిషిని చదవడం అంటే నాకు తెలిసి ఇదే, ముఖంలో ఏదో వెతకడం కాదు.

ఆడిన రోజు మూడు హ్యాండ్‌లు (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) నోట్‌బుక్‌లో రాయి. ఎక్కువ పోగొట్టుకున్నవి కాదు, ఎక్కువ తటపటాయించినవి. సీటు, ముక్కలు, పాట్, బెట్, కావాల్సిన శాతం, నీకున్న శాతం. గెలిచావో ఓడావో రాయకు. గెలుపు కనబడితే తప్పుడు కాల్ కూడా ఒప్పుగానే తోస్తుంది.

ఇక నా భయం. మొదటి మూడు నెలలు డబ్బు లేకుండా ఆడు. అక్కడ పోయేదేమీ లేదు కనుక ఎవరూ ముక్కలు వదలరు, బ్లఫ్ నేర్చుకోలేవు. లెక్క మాత్రం చేతికొస్తుంది. తర్వాత ఆడినా, నువ్వున్న చోట చట్టం ఒప్పుకుంటేనే. ఒక్కో బై-ఇన్ (బల్ల దగ్గర కూర్చోవడానికి తెచ్చుకునే మొత్తం) 100 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే వేయాల్సిన పెద్ద తప్పనిసరి పందెం) అనుకుంటే, 30 బై-ఇన్లు ఇంటి ఖర్చుతో కలవకుండా విడిగా ఉండాలి. అవి 20కి దిగితే పందెం తక్కువున్న చిన్న బల్లకి మారిపో. బాగా ఆడేవాళ్లు కూడా వేల హ్యాండ్ల పాటు నష్టంలో ఉండొచ్చు. ఒక్క రోజులో రెండు బై-ఇన్లు పోతే లేచెయ్. పోయింది ఇవాళే రాబట్టాలనిపించిన క్షణం నుంచి నీ లెక్క నీది కాదు. అప్పు తెచ్చి ఆడావని తెలిసిందో, నేను ఊరుకోను. కానీ దాచకు. ముందు నాకే చెప్పు, మీ నాన్నకి నేను చెబుతాను.

ఫ్లష్ డ్రా వచ్చిన మొదటి పది హ్యాండ్‌లు రాసి పంపు, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను. రాత్రి పదకొండు దాటాక ఆడకు, నిద్రమత్తులో 9కి 8 లెక్కపెడతావు.

పెదనాన్న