పిల్లికి షుగర్ రీడింగ్ బాగానే వస్తోంది, ఇన్సులిన్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మా పిల్లి పేరు పండు. మగది, తొమ్మిదేళ్ళు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, బరువు 6.8 కిలోలు. చిగుళ్ళ వాపుకి పోయినేడాది రెండుసార్లు, వారాల తరబడి పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించాం. నాలుగు నెలల కిందట గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగుతుంటే టెస్టు చేయిస్తే షుగర్ 410. అప్పటి నుంచి గ్లార్జిన్ ఇన్సులిన్ రెండు పూటలా 1 యూనిట్ ఇస్తున్నాం. మూడు వారాల కింద పెరుగన్నం, గింజల ఫుడ్ మాన్పించి ఉడికించిన చికెన్ పెడుతున్నాం. ఇప్పుడు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూస్తే పొద్దున సూదికి ముందు 110–150, మధ్యాహ్నం 60–80 వస్తోంది. మొన్న ఆదివారం 54 వచ్చింది, నడుస్తూ తూలింది, తేనె నాకిస్తే తేరుకుంది. ఇన్సులిన్ ఆపేసి నేరేడు గింజల పొడి గానీ, తను వేసుకునే షుగర్ మాత్రలో పావు ముక్క గానీ ఇద్దామని మా అత్తయ్య అంటున్నారు. ఆపేయొచ్చా? ఎర్ర మూత సిరంజిలు కూడా ఇక్కడ సరిగ్గా దొరకట్లేదు, అదొక తలనొప్పి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు ఏదో మాటవరసకి రాసిన ఆ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఎర్ర మూత సిరంజి అన్నారు కదా, ముందు దాని సంగతి తేల్చుకుందాం, ఇన్సులిన్ ఆపాలా వద్దా అన్నది ఆ తర్వాత.

మన దగ్గర రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు అమ్ముతారు. ఎర్ర మూతది ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి, నారింజ రంగు మూతది 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. గ్లార్జిన్ వయల్ మీద చూడండి, 100 ఐయూ/ఎంఎల్ అని ఉంటుంది. అలా ఉంటే, ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు మీరు లాగిన మందు 1 యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. మీ తప్పేం కాదు, మనుషుల విషయంలో కూడా ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది, మెడికల్ షాపులో 'ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి' అని అడిగితే చేతికి అందింది ఇచ్చేస్తారు. కానీ పండు నాలుగు నెలలుగా రోజుకి 2 యూనిట్లు కాదు, 5 యూనిట్లు తీసుకుంటున్నాడన్నమాట. మొదట్లో షుగర్ 400 పైన ఉండి, స్టెరాయిడ్ ప్రభావం కూడా ఉండటంతో ఆ డోసుకి తట్టుకున్నాడు. మూడు వారాల కింద అన్నం, గింజలు తీసేశారు, పిండిపదార్థం ఒక్కసారిగా పడిపోయింది, డోసు మాత్రం అంతే ఉంది. ఆదివారం తూలడానికి కారణం అదే అయ్యుంటుంది.

మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో అసలు కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది, కాబట్టి 54 అంటే నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. అలాగని తేలిగ్గా తీసుకోకండి, తూలింది అంటున్నారు కదా, అది మిషన్ చెప్పిన అబద్ధం కాదు.

ఈరోజే చేయాల్సింది ఏమిటంటే, మీ వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేసి వయల్ ఫొటో, సిరంజి ఫొటో రెండూ పంపండి. నారింజ మూతది, అందులోనూ 30 యూనిట్ల సన్న సిరంజి, అర యూనిట్‌కి కూడా గీత ఉన్నది దొరికితే మంచిది, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. డోసు మీ డాక్టరే చెప్పాలి, పిల్లిని చూసింది ఆయన గానీ నేను కాదు. నా దగ్గరికే వచ్చుంటే ఈ రీడింగులకి అసలైన 1 యూనిట్‌కి, అంటే నారింజ మూత సిరంజిలో ఒక యూనిట్‌కి, రెండు పూటలా దించేవాణ్ణి. చిన్న డోసు కొలవడం కష్టంగా ఉందని గ్లార్జిన్‌లో నీళ్ళు కలిపి పలచన చేయొద్దు, దాని పనితీరే మారిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఆపేయొచ్చా అంటే, ఒక్కసారిగా వద్దు. కానీ పండు ఇన్సులిన్ అవసరం లేని స్థితికి వచ్చే అవకాశం మాత్రం చాలా బాగుంది, ఇది నేను మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పే మాట కాదు. కుక్కలకి షుగర్ వస్తే దాదాపు జీవితాంతం ఇన్సులిన్ తప్పదు, పిల్లుల సంగతి వేరు. వాటికి వచ్చేది ఎక్కువగా మన టైప్ 2 లాంటిది, ఒంట్లో కొవ్వు వల్లో స్టెరాయిడ్ వల్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, క్లోమంలోని కణాలు ఇంకా ఇంకా తయారుచేసి అలిసిపోతాయి, ఆపైన రక్తంలో పేరుకున్న చక్కెరే ఆ కణాలకి విషమై వాటిని ఇంకా మూలన పడేస్తుంది. బయట నుంచి ఇన్సులిన్ ఇచ్చి కొన్ని వారాలు షుగర్‌ని అదుపులో పెడితే ఆ కణాలకి ఊపిరి ఆడుతుంది, చచ్చిపోనివి మళ్ళీ పనిలోకి వస్తాయి. అంటే ఇన్సులిన్ మానగలగాలంటే ముందు ఇన్సులినే సరిగ్గా ఇవ్వాలి, వినడానికి వింతగా ఉన్నా అంతే. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, గ్లార్జిన్ ఇస్తూ ఇంట్లోనే రోజూ రీడింగులు చూసుకుంటూ గట్టి కంట్రోల్‌లో పెట్టిన పిల్లుల్లో, జబ్బు బయటపడ్డ ఆరు నెలల్లోపు ఆ పద్ధతి మొదలైనవాటిలో 84 శాతం ఇన్సులిన్ నుంచి బయటపడ్డాయి, ఆరు నెలలు దాటాక మొదలైనవాటిలో 35 శాతమే. అందరి ఇళ్ళలో అంత మంచి ఫలితం రాదు, కానీ మీరింకా నాలుగో నెలలోనే ఉన్నారు. పైగా స్టెరాయిడ్ వల్ల మొదలైన షుగర్ అయితే ఆ మందు ప్రభావం దిగాక తగ్గే అవకాశం ఎక్కువ.

తగ్గించడం మెట్టు మెట్టుగా జరగాలి. 1 యూనిట్ మీద ఒకటి రెండు వారాలు చూడాలి, సూదికి ముందు రీడింగు, తర్వాత నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య ఒకటి రెండు రీడింగులు నోట్‌బుక్‌లో రాసుకోండి. అన్నీ నార్మల్‌గానో, తక్కువలోకి జారుతూనో ఉంటే రెండు పూటలా అర యూనిట్, అదీ ఎక్కువే అనిపిస్తే ఒక పూటే అర యూనిట్, అప్పుడు ఆపడం. ప్రతి మెట్టు దగ్గర కనీసం ఒక వారం ఆగాలి, ప్రతి మెట్టూ మీ డాక్టర్‌తో మాట్లాడాకే దిగాలి. ఆపాక నాలుగు వారాల పాటు మందు లేకుండా షుగర్ నార్మల్‌గా ఉంటేనే తగ్గిందని మేము అంటాం. మధ్యలో 200 దాటి అక్కడే ఉండిపోతుంటే, ఇంకో వారం చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఇన్సులిన్ మళ్ళీ మొదలుపెట్టాలి, ఆలస్యం చేసిన కొద్దీ కోలుకున్న కణాలు మళ్ళీ దెబ్బతింటాయి. మళ్ళీ సూది పట్టుకోవాల్సి వచ్చినా ఓడిపోయినట్టు కాదు, కొన్ని పిల్లులు రెండో ప్రయత్నంలో బయటపడతాయి.

రీడింగు ఇంట్లోనే తీయండి, చెవి అంచున సన్న రక్తనాళం దగ్గర, ముందు గోరువెచ్చని గుడ్డతో కాసేపు వేడి చేసి. ఆసుపత్రిలో తీసిన ఒక్క రీడింగుని నమ్మి డోసు మార్చకూడదు, భయపడ్డ పిల్లికి షుగర్ లేకపోయినా 300 చూపించిన సందర్భాలు నేను చూశాను. అనుమానంగా ఉంటే ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష ఉంది, గడిచిన ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది, టెన్షన్‌కి మారదు. మీకు దగ్గర్లో మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడిగి చూడండి.

అత్తయ్యగారి మాత్ర మాత్రం వద్దే వద్దు. ఆవిడ ఏ మాత్ర వేసుకుంటున్నారో మీరు రాయలేదు. అది మూత్రంలోంచి చక్కెర బయటికి పంపే గ్లిఫ్లోజిన్ రకం అయితే మరీ ప్రమాదం. ఆ కుటుంబంలోని రెండు మందులకి పిల్లుల కోసమే అమెరికాలో 2022 చివర్లో ఒకదానికి, 2023లో ఇంకోదానికి అనుమతి వచ్చింది నిజమే, కానీ అవి వేరు, అందులోనూ మొదటిదాన్ని ఇదివరకు ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకి వాడొద్దనే హెచ్చరిక ఉంది. కారణం ఏమిటంటే మీటర్‌లో షుగర్ నార్మల్‌గా కనిపిస్తూనే లోపల కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పేరుకుని పిల్లి చచ్చిపోయే పరిస్థితి రావచ్చు. నేరేడు గింజల పొడికి పిల్లుల్లో ఎవరూ లెక్క కట్టిన డోసు లేదు, చేదుకి తిండి మానేస్తే అదింకో గొడవ, లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా కాలేయానికి పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అత్తయ్యగారితో, 'మీ మాత్ర మీకే కావాలి, వాడికి వద్దు' అని నవ్వుతూ చెప్పేయండి.

పెరుగన్నం మాన్పించి మంచిపని చేశారు. మన ఇళ్ళలో పిల్లి అంటే పాలు, పెరుగన్నమే అనుకుంటాం, అది మాంసం మీద బతికే జంతువు. కానీ ఉత్త చికెన్ కూడా సరిపోదు, కాల్షియం ఉండదు, ఉడికించిన నీళ్ళు పారబోస్తే మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం కూడా పోతుంది, టారిన్ తక్కువైతే నెలల మీద గుండె, చూపు దెబ్బతింటాయి. 'పూర్తి ఆహారం' అని రాసి ఉన్న తడి ఫుడ్‌ని (గింజల రకం కాదు) ఆధారం చేసుకుని దాని పైన కాస్త చికెన్ పెట్టండి, ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా. ప్యాకెట్ వెనక ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలన్నీ కూడి వంద నుంచి తీసేస్తే మిగిలేదే పిండిపదార్థం, కంపెనీవాళ్ళు దాన్ని విడిగా రాయరు కాబట్టి ఈ కూడికలు మనమే చేసుకోవాలి. చిక్కటి గ్రేవీ ఉన్నవాటిలో ఎక్కువ ఉంటుంది. బరువు వారానికి ఒక శాతం, అంటే 60–70 గ్రాములు తగ్గితే చాలు. తిండి మార్చే ప్రతిసారీ రెండు మూడు రోజులు రీడింగులు ఎక్కువ తీయండి, ఈసారి జరిగింది మళ్ళీ జరగకుండా.

చిగుళ్ళ సంగతి కూడా తేల్చాలి. నోట్లో ఇన్ఫెక్షన్ ఉన్నంతకాలం ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు. పాడైన పళ్ళు తీయించడమో, క్లీనింగ్ చేయించడమో చేయండి. ఆ పొడుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం ఇక జీవితంలో వద్దు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా 'వీడికి షుగర్ వచ్చింది' అని మీరే ముందు చెప్పండి. తగ్గిన పిల్లుల్లో పావు వంతుకి పైగా తర్వాతెప్పుడో మళ్ళీ షుగర్ వస్తుంది, అలా రావడానికి ఇలాంటి ఒక్క ఇంజెక్షన్ చాలు.

ఈలోపు మళ్ళీ తూలినా, కనుపాపలు పెద్దవైనా, ఒళ్ళు అదిరినా తేనె గానీ గ్లూకోజ్ నీళ్ళు గానీ చిగుళ్ళకి రాయండి, ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో పోయకండి, తేరుకోగానే తిండి పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అసలు తినని రోజు మామూలు డోసు ఇవ్వకుండా ముందు ఫోన్ చేయండి. దీనికి తలకిందులుగా, వాంతులు, నీరసం, నోటి నుంచి నెయిల్ పాలిష్ తుడిచే మందు లాంటి వాసన వస్తే కీటోన్లు పెరిగినట్టు, అది రాత్రి పన్నెండైనా పరిగెత్తాల్సిన విషయం.

రెండు వారాల రీడింగులు రాసి మళ్ళీ పంపండి. ఈసారి ప్రతి డోసు పక్కన సిరంజి మూత రంగు కూడా రాయండి.