పాత క్లౌన్ ఫిష్ ఉన్న ట్యాంకులోకి రెండోదాన్ని ఎలా దింపాలి?

రెండేళ్లుగా ఉప్పునీటి ట్యాంకులో ఒంటరిగా ఉన్న ఓసిల్లారిస్ రకం క్లౌన్ ఫిష్‌కి జోడీ తేవాలి, ఒకే సైజుదైతే కొట్లాట ఉండదు కదా అని అడిగారు. లేదండీ, అన్నిటికన్నా ప్రమాదం ఆ సమానమైన సైజే. నీళ్లకు ఎలా అలవాటు చేయాలన్న దాని మీదే అందరూ బుర్ర బద్దలు కొట్టుకుంటారు గానీ, ఈ వ్యవహారం సగం కొనేటప్పుడే తేలిపోతుంది.

క్లౌన్ ఫిష్‌లలో పుట్టుకతో ఆడది అంటూ ఉండదు. గుంపులో అన్నిటికన్నా పెద్దదై పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతి స్థానంలోది మగదవుతుంది, మిగతావి ఎదగకుండా అలాగే ఉండిపోతాయి. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదిగా మారడం జరగదు. మీది ఇన్నాళ్లు ఒంటరిగా ఉంది కాబట్టి ఆడదయ్యే ఉంటుందనుకుని ముందుకెళ్లండి. దాని పక్కన ఇంకో ఆడదాన్ని వేస్తే రెండిట్లో ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. అందుకని మీది 7 సెంటీమీటర్లుంటే కొత్తది 3 నుంచి 4 సెంటీమీటర్ల పిల్ల కావాలి. షాపు ట్యాంకులో చాలా పిల్లలు కలిసి ఉంటే వాటిలో పెద్దదాన్ని కాకుండా, చురుగ్గా తింటున్న చిన్నదాన్ని ఎంచుకోండి. జాతి కూడా అదే ఉండాలి. మెరూన్, టొమాటో, క్లార్కీ రకాలను ఓసిల్లారిస్‌తో కలపొద్దు. వీలైతే సముద్రంలో పట్టినది కాకుండా ఫారంలో పుట్టినదే కొనండి, రోగాల బెడద చాలా తగ్గుతుంది.

కొన్నాక నేరుగా పెద్ద ట్యాంకులోకి వేయకండి. 40 లీటర్ల విడి ట్యాంకు, ఒక హీటర్, మూత, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్ చాలు. ఆ స్పాంజ్‌ని మూడు నాలుగు వారాల ముందే మీ పెద్ద ట్యాంకు సంప్‌లో (కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) పడేసి ఉంచితే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది, చేప వ్యర్థాల నుంచి వచ్చే విషం అమ్మోనియా పెరగదు. ఈ విడి ట్యాంకు వల్ల ఇంకో లాభం ఉంది. షాపుల్లో నీటి సాలినిటీ (ఉప్పుదనం, సాంద్రత లెక్కలో) తరచుగా 1.018, 1.020 మధ్య ఉంచుతారు, మీ ట్యాంకు 1.025 ఉంటుంది. తక్కువ ఉప్పు నీళ్ల నుంచి ఒక్కసారిగా ఎక్కువ ఉప్పులోకి వెళ్తే చేప ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. కొన్నిసార్లు ఆ దెబ్బ వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది, అప్పుడు కారణం అర్థం కాదు. కాబట్టి షాపులో సాలినిటీ ముందే అడిగి తెలుసుకుని, విడి ట్యాంకు నీళ్లను అంతకే కలిపి పెట్టుకోండి. ఇంటికొచ్చాక ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో కవర్లోని నీళ్లు ఒకసారి చూడండి. లెక్క సరిపోతే చేప ఉన్న నీళ్లలోకి ట్యాంకు నీళ్లను గంటలకొద్దీ చుక్కలు చుక్కలుగా వదిలే పని ఉండదు. కవర్‌ని 15, 20 నిమిషాలు నీటిపై తేల్చి, వేడి సమానమయ్యాక చేపను మాత్రమే లోపలికి దింపి, కవర్ నీళ్లు పారబోయండి. ఆ తర్వాత రోజుకు 0.001 చొప్పున పెంచుకుంటూ మీ ట్యాంకు స్థాయికి తీసుకురండి.

దూరం నుంచి పార్శిల్‌లో వచ్చిన చేప విషయంలో చుక్కల పద్ధతి హాని కూడా చేస్తుంది. మూసి ఉన్న కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, దానివల్ల అమ్మోనియా అంత విషంగా పనిచేయదు. కవర్ విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా మొప్పల్ని కాల్చడం మొదలుపెడుతుంది.

విడి ట్యాంకులో కనీసం నాలుగు వారాలు చూడండి. క్లౌన్‌లకు ముఖ్యంగా వచ్చేది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి రోగం. ముందు ఊపిరి వేగమవుతుంది, తర్వాత ఒంటి మీద తెల్లటి జిగురు పొరలుగా ఊడుతుంది, కొద్ది రోజుల్లోనే చంపేస్తుంది. దీనికి కాపర్ (రాగి మందు) పనిచేయదు, ఫార్మలిన్ వాడాలి. ఉప్పు రేణువుల్లా విడివిడిగా తెల్లచుక్కలు కనిపిస్తే అది మెరైన్ ఇక్ అనే తెల్లచుక్కల రోగం, దానికి కాపర్ పనిచేస్తుంది. రెండిటికీ తేడా తెలియక తప్పు మందు వేసి విలువైన రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. కాపర్ తాకిన స్పాంజ్‌ని మళ్లీ పగడాలున్న ట్యాంకులో పెట్టొద్దు.

ఇక పరిచయం. చిల్లులున్న పారదర్శకమైన అక్రిలిక్ పెట్టెను, పాతది రాత్రి పడుకునే మూలకు దూరంగా, పెద్ద ట్యాంకు అద్దానికి తగిలించి కొత్తదాన్ని అందులో ఉంచండి. మొదటి రోజు పాతది నోరు తెరిచి, రెక్కలు విప్పి పెట్టెను గుద్దుతుంది. కంగారు పడొద్దు. రెండిటికీ ఒకే సమయంలో, పెట్టె పక్కనే మేత వేయండి. వారం పది రోజుల్లో గుద్దడం మాని పక్కన ఈదుతూ ఉంటే అప్పుడు వదలండి. గుద్దుతూనే ఉంటే రోజులు లెక్కపెట్టకుండా ఇంకొంతకాలం ఉంచండి.

వదిలేది లైట్లు ఆరడానికి గంటా రెండు గంటల ముందు. కాసేపు మీరు గమనించొచ్చు, తర్వాత చీకటి వాటిని విడదీస్తుంది. ముందు పాతదానికి కడుపునిండా పెట్టండి. రాళ్లు కాస్త జరిపితే దాని హద్దులు చెదిరిపోయి పట్టు సడలుతుంది. పగడాలు అంటుకుని జరపడం కుదరకపోతే పాతదాన్నే నాలుగైదు రోజులు పెట్టెలో వేసి కొత్తదాన్ని ట్యాంకులో తిరగనివ్వండి. నా దృష్టిలో మొండి ఆడదానికి ఇంతకు మించిన ఉపాయం లేదు. ట్యాంకుపై నెట్ మూత మాత్రం తప్పనిసరి, తరిమినప్పుడు చిన్నది బయటికి దూకేస్తుంది.

పెద్దది దగ్గరికి రాగానే చిన్నది ఒక పక్కకు ఒరిగి, తల నుంచి తోక దాకా వణుకుతుంది. ఫిట్స్ వచ్చాయనుకుని చాలామంది దాన్ని బయటికి తీసేస్తారు. అది జబ్బు కాదు, నీ పెత్తనం ఒప్పుకుంటున్నానని చెప్పడం. మీరు ఎదురుచూడాల్సింది సరిగ్గా అదే. దాంతోపాటు రెండు వారాల దాకా తరమడం, తోక అంచు కాస్త చిరగడం మామూలే. కానీ చిన్నది వణకకుండా ఎదురు తిరిగి ఇద్దరూ నోళ్లు పట్టుకుని తిరుగుతున్నా, నీటిపైన ఒక మూలకు అంటుకుపోయి మేతకు రాకపోయినా, రెక్కలు మొదలుదాకా తెగినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే మళ్లీ పెట్టెలో వేయండి.

పెట్టెలో ఇంకో రెండు మూడు వారాలు ఉంచి మళ్లీ ప్రయత్నించినా అదే తీరైతే ఆ పిల్లను వేరే ట్యాంకుకు ఇచ్చేయండి. ఇంకో పిల్లను ఒప్పుకోవచ్చు, అసలు దేన్నీ దగ్గరికి రానివ్వని ఆడవీ ఉంటాయి. అలాంటిది ఒంటరిగానూ ఆరోగ్యంగానే బతుకుతుంది.