సీజన్ ఏడు నెలలు, ఈఎంఐ అయిదేళ్లు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సొంతూరు అశ్వారావుపేట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.85 లక్షలు. మా ఆవిడ టీచర్, ఆమెకు 45 వేలు. పాప రెండో తరగతి. ఇంటి లోన్ ఇంకా 48 లక్షలుంది, ఈఎంఐ 62 వేలు. ఇంటి ఖర్చు 75 వేలు, స్కూలుకు 12 వేలు, అమ్మానాన్నలకు 15 వేలు, సిప్‌లకు 35 వేలు పోతాయి. మ్యూచువల్ ఫండ్లలో 21 లక్షలు, ఎఫ్‌డీలో 9 లక్షలు, పీఎఫ్‌లో 17 లక్షలు ఉన్నాయి. నాలుగేళ్ల కింద తీసుకున్న కోటి రూపాయల టర్మ్ పాలసీ, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నాయి. రెండేళ్ల కింద పాత పోలో ఒకటి కొని, మొత్తం 11 లక్షలతో ర్యాలీ కారుగా తయారు చేయించాను. నిరుడు మూడు ర్యాలీలకు వెళ్లి రెండు పూర్తి చేశాను. ఈసారి దేశంలో అయిదు రౌండ్లు (8 లక్షలు), మలేషియాలో ఒకటి, థాయ్‌లాండ్‌లో ఒకటి (రెండూ కలిపి 13 లక్షలు) చేయాలనుంది. దాచుకున్నది 7 లక్షలు. మిగతా 14 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఫండ్స్ అమ్మాలా? ఇంట్లో మాత్రం ‘ఓ అయిదారు లక్షలవుతుంది’ అని చెప్పాను.

జవాబు: రెండూ వద్దు. ఎందుకో చెప్పేముందు ఒక సంగతి. ర్యాలీల మీద నాకు కోపమేమీ లేదు. ఇరవైల్లో ఉండగా ఒక టీఎస్‌డీ ర్యాలీలో (వేగం కాదు, చెప్పిన సమయానికి చెప్పిన చోటికి చేరడమే ఇందులో పోటీ) స్నేహితుడి పక్కన నావిగేటర్‌గా కూర్చున్నాను. అనంతగిరి మలుపుల్లో తలదించుకుని రోడ్ బుక్ చదువుతూ చదువుతూ వాంతి చేసుకున్నాను, దారీ తప్పించాను. ఆ రోజు ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం. కాబట్టి ‘ఈ వయసులో నీకిదంతా ఎందుకు’ అనే సలహా నా దగ్గర దొరకదు.

మీరు పంపిన అంకెలే కూడి చూశాను. ఇద్దరి జీతాలు 2.30 లక్షలు. అన్ని ఖర్చులూ, సిప్‌లూ పోగా నెలకు మిగిలేది 31 వేలు. 14 లక్షల పర్సనల్ లోన్ 13 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 31,850 దాకా వస్తుంది. అంటే మీ మిగులంతా అక్కడే సరి, ఇంకో ఎనిమిది వందలు వెతుక్కోవాలి. మొత్తం కట్టేది 19.11 లక్షలు, అందులో వడ్డీయే 5 లక్షల పైన. సీజన్ ఏడు నెలల్లో అయిపోతుంది. పాప ఏడో తరగతికొచ్చేదాకా మీరు ఈ ఏడాది టైర్లకే ఈఎంఐ కడుతుంటారు. మధ్యలో ఉద్యోగం మారినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

ఫండ్స్ అమ్మడం అంతకంటే కొంచెం నయం, వడ్డీ ఉండదు కాబట్టి. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్స్ లాభంలో ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అసలు నష్టం మాత్రం పన్నులో లేదు. పాప ఇంటర్ పూర్తి చేయడానికి సుమారు పదకొండేళ్లుంది. 14 లక్షలు ఏటా 10 శాతం పెరిగితే అప్పటికి దాదాపు 40 లక్షలు. అంత పెరుగుతుందని హామీ ఏమీ లేదు, కానీ ఆ డబ్బు మీద పాప పేరు ముందే రాసి ఉంది.

ఇక మీ 21 లక్షల బడ్జెట్. అందులో ఎంట్రీ ఫీజు ఉంది, టైర్లు, పెట్రోలు, ట్రక్కు కిరాయి, సర్వీస్ క్రూ, రూములు ఉన్నాయి. అన్నీ సజావుగా జరిగితే అయ్యే ఖర్చు అది. ర్యాలీలో అన్నీ సజావుగా జరగవని నిరుడు పూర్తికాని ఆ మూడో ర్యాలీ మీకు చెప్పే ఉంటుంది. స్టేజ్ (మూసేసిన దారిలో టైమ్ కొలుస్తూ వేగంగా నడిపే భాగం) మధ్యలో ఒక రాయి ఇంజిన్ కింది ఆయిల్ సంప్‌కు తగిలినా, కంట్రోల్ ఆర్మ్ వంగినా, గేర్‌బాక్స్ పోయినా వచ్చే బిల్లుకు మీ పట్టికలో గడే లేదు. మామూలు కారుకైతే బీమా ఉందిలే అనుకుంటాం. మోటార్ పాలసీలో ‘వాడకానికి పరిమితులు’ అనే చోట చూడండి: ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు వర్తించదని రాసి ఉంటుంది. స్టేజ్‌లో కారుకు ఏం జరిగినా అది మీ జేబు ఖర్చే. స్టేజ్‌కూ స్టేజ్‌కూ మధ్య మామూలు రోడ్ల మీద, మామూలు ట్రాఫిక్ రూల్స్‌తోనే నడుపుతారు కాబట్టి థర్డ్ పార్టీ పాలసీ, ఆర్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ మాత్రం ఉండి తీరాలి.

పట్టికలో లేని ఇంకో ఖర్చు సెలవులు. ర్యాలీ అంటే శని ఆదివారాల పని కాదని మీకు తెలుసు. ముందే దారి చూసుకునే రెక్కీకి వెళ్లి, మలుపుల వివరాలతో పేస్ నోట్స్ రాసుకోవాలి, స్క్రూటినీకి కారు చూపించాలి, ఆదివారం రాత్రి దాన్ని మళ్లీ ట్రక్కెక్కించాలి. ఇక్కడి రౌండ్‌కు మూడు పని దినాలు, విదేశానికైతే అయిదు వేసుకున్నా ఏడు ర్యాలీలకు 25 రోజులు. సెలవులన్నీ అయిపోయి జీతం కోత పడితే రోజుకు ఆరు వేల పైచిలుకు పోతుంది. పాప వేసవి సెలవులకు మీ దగ్గర ఒక్క రోజు కూడా మిగలదు. ఆ లెక్క రూపాయల్లో వేయలేను.

ఆస్తుల్లో ‘కారు: 11 లక్షలు’ అని వేరే రాశారు. కొట్టేయండి. ర్యాలీ కారు కొనేవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే, వాళ్లు మీ కారు ఏ స్టేజ్‌లో ఎన్ని పల్టీలు కొట్టిందో తెలిసినవాళ్లు. సేఫ్టీ సామానుకు గడువు కూడా ఉంటుంది. ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన 8855-1999 ప్రమాణంతో చేసిన సీటుకు తయారైన దగ్గర్నుంచి అయిదేళ్లు. సెకండ్ హ్యాండ్ సీటు, బెల్టులు చవగ్గా వచ్చాయంటే ముందు వాటి మీది తేదీ చూడండి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు 11 లక్షల కారులో బెల్టు దగ్గర పొదుపు చేయకండి.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టిన విషయం. మీ ఉత్తరంలో బీమాకు దక్కింది ఒక్క వాక్యం.

మీ టర్మ్ పాలసీ కోటి. అనుకోనిది జరిగితే ముందు 48 లక్షల ఇంటి లోన్ తీరాలి, మిగిలేది 52 లక్షలు. ఈఎంఐ, సిప్‌లు తీసేసినా మీ ఇంటికి ఏడాదికి 12 లక్షల పైనే కావాలి. మీ ఆవిడ జీతం కలుపుకున్నా ఆ డబ్బు ఏడెనిమిదేళ్లకు మించి రాదు. పాప అప్పటికి ఇంకా ఇంటర్‌లోకి కూడా వచ్చి ఉండదు. కనీసం మరో కోటిన్నర పాలసీ కావాలి. పాత పాలసీకి మూడేళ్లు దాటాయి కాబట్టి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం దాన్ని ఇక ప్రశ్నించే వీలు లేదు, అది మీ అదృష్టం. కొత్తదానికి దరఖాస్తు చేసేటప్పుడు ప్రమాదకరమైన హాబీలున్నాయా అని అడుగుతారు. ‘లేవు’ అని టిక్ పెట్టమని ఏజెంటు చెప్తాడు. పెట్టకండి. ర్యాలీలు చేస్తానని రాయండి. ప్రీమియం పెంచుతారు, లేదా ర్యాలీలో జరిగినదానికి ఇవ్వమంటారు, ఒక కంపెనీ అసలు వద్దంటుంది. ఏదైనా ముందే తెలియడం మేలు. ప్రమాద మరణానికి అదనంగా ఇచ్చే రైడర్లలో సాధారణంగా రేసింగ్‌ను మినహాయిస్తారు, దాన్ని నమ్ముకోకండి.

హెల్త్ పాలసీల్లో ఒక చిన్న మాట మీకు చాలా ముఖ్యం. మన దేశంలో అన్ని కంపెనీలూ వాడే ప్రామాణిక మినహాయింపుల్లో ‘ప్రమాదకర, సాహస క్రీడలు’ అని ఒకటుంది, అందులో మోటార్ రేసింగ్ పేరు కూడా ఉంది. కానీ అక్కడ రాసింది ‘ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు’ అని. మీరు జీతం మీద బతికే అమెచ్యూర్. ఆ ఒక్క పదం మీకు రక్షణ. కానీ మీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఇదే మాట ఉందో లేదో చూడాలి. హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడిగి ఊరుకోకుండా బీమా కంపెనీకి మెయిల్ రాయండి: ‘లైసెన్స్ ఉన్న అమెచ్యూర్‌గా ర్యాలీలో గాయపడితే క్లెయిమ్ ఇస్తారా?’ జవాబు దాచుకోండి. ఉద్యోగం పోతే ఆ పాలసీ కూడా పోతుంది కాబట్టి సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. నిర్వాహకులిచ్చే ర్యాలీ నిబంధనల పుస్తకంలో బీమా గురించి ఒక భాగం ఉంటుంది. మనిషికి ఎంత, దేనికి అన్నది చదివాకే ఎంట్రీ ఫీజు కట్టండి. మీ పక్కన కూర్చునే నావిగేటర్ పాలసీలు కూడా అడగండి. బండి నడిపేది మీరు, ప్రాణం ఆయనది కూడా.

స్పాన్సర్ల గురించి ఉత్తరం చివర రెండు ముక్కలు రాశారు. స్నేహితుడి ఇంటీరియర్స్ సంస్థ 1.5 లక్షలిస్తానందని, ఒక డీలర్ టైర్లిస్తానన్నాడని. సంతోషమే. కానీ కారు మీద బోర్డు, ఖాతాలో డబ్బు పడ్డాక ‘ఈయన ప్రొఫెషనల్’ అని వాదించడానికి బీమా కంపెనీకి చేతికో ఆధారం దొరుకుతుంది. లక్షన్నర కోసం పది లక్షల ఆసుపత్రి బిల్లును వివాదంలో పెట్టుకోవడం లాభమా? మెయిల్‌లో ఈ స్పాన్సర్ సంగతి కూడా రాసి అడగండి. ఆ డబ్బు మీ ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. టైర్ల విలువ ఏడాదికి 20 వేలు దాటితే, ఇచ్చేది ఓ మోస్తరు పెద్ద వ్యాపారమైతే 10 శాతం టీడీఎస్ లెక్క కూడా వస్తుంది. ఉద్యోగ ఒప్పందంలో బయటి ఆదాయానికి అనుమతి కావాలేమో చూసుకోండి. ‘ర్యాలీ టీమ్ పేరుతో వ్యాపారం చూపించి, ఆ నష్టాన్ని జీతంలో తగ్గించుకోవచ్చు’ అని ఎవరో చెప్పారని రాశారు. కుదరదు. వ్యాపార నష్టాన్ని జీతం ఆదాయంలో సర్దుబాటు చేసుకోనివ్వరు. ఇంకెవరైనా అలా చెప్తే వాళ్లకు ఫీజు ఇవ్వకండి.

ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్ గురించి ‘ఆయన కూడా ఇలాగే మొదలై ఉంటాడు కదా’ అన్నారు. ఆయన ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్ 2013, 2016, 2017లో గెలిచారు, 2019లో అర్జున అవార్డు అందుకున్నారు, మోటార్ క్రీడల నుంచి ఆ అవార్డు తొలిసారి వచ్చింది ఆయనకే. కానీ ఆ టైటిళ్లు గెలిచింది ఒక టైర్ల కంపెనీ టీమ్ కారులో. ఈఎంఐ మీద కాదు.

మరి ఏం చేయాలి? ఈ ఏడాది మూడు రౌండ్లు, మూడూ ఇక్కడే. కోయంబత్తూరు, చెన్నై, కూర్గ్ లాంటివి హైదరాబాద్ నుంచి ట్రక్కు కిరాయి భరించగలిగే దూరం. ఈశాన్యంలో రౌండ్ పడితే వదిలేయండి. మీ రేటు ప్రకారం 4.8 లక్షలు. దాచిన 7 లక్షల్లో 2.2 మిగులుతుంది, అందులో 2 లక్షలు పూర్తిగా రిపేర్ల కోసం. అది అయిపోయిన రోజున మీ సీజన్ కూడా అయిపోయినట్టే, మిగతా రౌండ్లు వచ్చే ఏడాదికి. ఈ గీత ఇప్పుడే గీయండి. సర్వీస్ పార్క్‌లో నిలబడి, మెకానిక్ ‘ఇంకో అరవై వేలైతే కారు లేస్తుంది సార్’ అంటున్నప్పుడు ఎవరూ గీయలేరు.

నెల మిగులు 31 వేలలో 20 వేలు ర్యాలీ ఖాతాకు, 11 వేలు కొత్త బీమా ప్రీమియాలకు. ఏడాదికొకసారి వచ్చే బోనస్ పన్ను పోను 3 లక్షలన్నారు, అందులో సగం ఇటు. కారు పెద్దగా దెబ్బతినకపోతే ఏడాది చివరికి ఖాతాలో 6.1 లక్షలుంటుంది. వచ్చే ఏడాది మరో 3.9 చేరితే 10 లక్షలు. అప్పుడు మలేషియా (మీ లెక్క 6.5), ఇక్కడ ఒక రౌండ్ (1.6), పోగా 1.9 లక్షలు రిపేర్లకు. ఈ ఏడాది రిపేర్ల డబ్బు ఖర్చయిపోతే మలేషియా ఇంకో ఏడాది ఆగుతుంది. థాయ్‌లాండ్ మాత్రం ఇప్పటికి మర్చిపోండి. మధ్యలో చేతులు దురద పెడితే ఆటోక్రాస్‌లున్నాయి, టీఎస్‌డీ ర్యాలీలున్నాయి. టీఎస్‌డీకి మీ ఇంటి కారు చాలు.

మలేషియా మీద మీకు మనసెందుకు పడిందో అర్థమైంది. జోహోర్‌లో స్టేజ్‌లు పామాయిల్ తోటల మధ్య మట్టి దారుల్లో నడుస్తాయి, అశ్వారావుపేట కుర్రాడికి అంతకంటే సొంతూరులా ఉండేది ఏముంటుంది. అయితే మీ కారును ఓడలో పంపకండి, అక్కడే అద్దెకు తీసుకోండి. అద్దె ఒప్పందంలో నేను చూసేది ఒకటే గీత: కారు దెబ్బతింటే మీ వాటా గరిష్ఠంగా ఎంత? ఆ అంకె లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. విదేశానికి వెళ్లాలంటే మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఎమ్ఎస్‌సీఐ నుంచి ఇంటర్నేషనల్ లైసెన్స్, అక్కడ పోటీ చేయడానికి అనుమతి తీసుకోవాలి, దానికి సమయం పెట్టుకోండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ రేసింగ్ గాయాలకు సాధారణంగా పనికిరాదు, అక్కడి నిర్వాహకుల కవర్ ఏమిటో అడగండి. డబ్బు పంపడంలో ఒక చిన్న లాభం కూడా ఉంది: మీ పాత ప్లాన్‌లో 13 లక్షలు ఒకే ఆర్థిక సంవత్సరంలో పంపి ఉంటే, 10 లక్షలు దాటిన 3 లక్షల మీద 20 శాతం, అంటే 60 వేలు బ్యాంకు టీసీఎస్‌గా (ముందస్తు పన్నుగా) పట్టుకునేది. రిటర్న్‌లో తిరిగి వస్తుంది కానీ నెలల తరబడి ఇరుక్కుపోతుంది. 6.5 లక్షలకు ఆ గొడవ లేదు.

ఇక ఇంట్లో చెప్పిన ‘అయిదారు లక్షలు’. చూశారా, ఇప్పుడు ఈ ఏడాది మూడు రౌండ్ల ఖర్చు 4.8 లక్షలే. మీరు చెప్పిన అబద్ధం దాదాపు నిజమైంది. అయినా పాత 21 లక్షల కాగితం, ఈ కొత్త లెక్క రెండూ ఆమె ముందు పెట్టండి. ర్యాలీ ఖాతాను ఇద్దరి పేరు మీద తెరవండి. ప్రతి ఖర్చుకూ మెసేజ్ ఇద్దరి ఫోన్లకూ వచ్చేలా పెట్టండి. ఆ తర్వాతే బీమా కంపెనీకి మెయిల్, ఆ జవాబు వచ్చాకే మొదటి ఎంట్రీ ఫీజు.